భూపటసాక్ష్యము: ఏటూరునాగారపు గ్రామవంశ చరిత్రములు

మన దేశచరిత్రమునకు ముఖ్యాధారములు శాసనములు, కైఫీయతులు, కావ్యావతారికలు. అయినను ఈ సాధనములకు ఒక కొఱత గలదు. దానము చేసినవాడు, దానము గొన్నవాడు, గుడి కట్టించినవాడు, కృతి నందినవాడు వీనియందు నిలిచినట్లు పోడు కొట్టుకొని బ్రదికినవాడు నిలువలేదు. పాలంపేటయందు రేచర్ల రుద్రుడు 1213లో రామప్పదేవాలయమును ప్రతిష్ఠించినట్లు శిలాశాసనము చెప్పుచున్నది. ఆ గుడికి తూర్పుగా గోదావరి వఱకు వ్యాపించిన అడవిలోని కోయకుటుంబముల వంశక్రమమును ఏ రాతిపై వెదకుదుము? అట్టివారి చరిత్రమునకు ఉపకరించు సాధనములలో సర్వేశాఖవారి పాత భూపటములొకటి. దీనిని మన ప్రాంతమున నక్షా యందురు. ఏటూరునాగారపు పరిసరములను ఉదాహరణముగా గొని, ఈ పటములు ఏమి చెప్పగలవో, ఏమి చెప్పజాలవో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

పటరచనకును స్థలచరిత్రకును చుట్టఱికము క్రొత్తది కాదు. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల సాయమున ఊరూరి కైఫీయతులను కూర్పించిన మెకంజీ దొర వృత్తిచేత సర్వేయరు. 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలు అయినవాడు. ఊరి హద్దులు కొలిచినవాడే ఊరి కథయు అడిగినాడు. ఆతడు 1821లో మరణించిన పిదప ఈ రెండు పనులును వేఱై, పటములు సర్వేకచేరీలకును, కైఫీయతులు గ్రంథాలయములకును పోయినవి. వానిని మరల కలిపి చదువుటయే మనము చేయవలసిన పని.

లాంబ్టను 1802లో మద్రాసునొద్ద భూమిరేఖను కొలిచి త్రికోణ సర్వే ప్రారంభించెను. ఆతని సహాయకుడు ఎవరెస్టు 1819లో కృష్ణాగోదావరుల నడిమి అడవులను కొలుచుటకు వచ్చి, ఎల్లాపురపు అడవిలో మన్నెపు జ్వరమున పడెను. ఆతనితోడ వచ్చిన వైద్యుడు వాయిసీయు, పనివారును జ్వరపీడితులైరి. మఱుసటి యేడు ఎవరెస్టు ఆరోగ్యార్థమై ఆఫ్రికా దక్షిణాగ్రమునకు పోవలసివచ్చెను. తరువాత ఆతడు 1830లో నిర్ణయించిన భూగోళ పరిమాణమే మన పాత పటములన్నిటికిని ఆధారమైనది. నేటి ఉపగ్రహచిత్రములు వేఱొక పరిమాణము ననుసరించుటచే, పాతపటమును వానిపై పఱచినపుడు గుర్తులు కొంత తొలగి కానవచ్చును. ఇది ఎఱుగనివారు పాత ఊరు కదలినదని భ్రమపడుదురు.

1827 మొదలు వెలువడిన భారత అట్లాసునందు నాలుగు మైళ్లు ఒక అంగుళము. అందు పెద్ద ఊళ్లు, నదులు, కొండలు మాత్రమే స్పష్టముగా తెలియును. గ్రామచరిత్రమునకు నిజముగా ఉపయోగపడునవి మైలునకు అంగుళము చొప్పున వ్రాసిన పటములు. నేటి 50,000 కొలత పటములు వానికి వారసులు. ఈ పటముల సంఖ్యాక్రమము సులభము. 80వ రేఖాంశము మొదలు 84 వఱకును, 16వ అక్షాంశము మొదలు 20 వఱకును గల చతురమునకు 65 సంఖ్య. దానిని పదునాఱుగా విభజించి ఏ మొదలు పీ వఱకు అక్షరము లిచ్చిరి. ఒక్కొక్క అక్షరపు భాగమును మరల పదునాఱు చేసిరి. ఏటూరునాగారము సుమారు 18 డిగ్రీల 20 నిమిషముల అక్షాంశమున, 80 డిగ్రీల 26 నిమిషముల రేఖాంశమున నున్నది గనుక దాని పటము 65 బీ/7 అగును. ఈ లెక్క తెలిసినవారు తమ ఊరి పటమును ఎవరి సాయము లేకయే కోరి తెప్పించుకొనవచ్చును. అమెరికా సైన్యపు పటశాఖవారు 1955 ప్రాంతమున సిద్ధపఱచిన చిన్నకొలత పటములను టెక్సాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమువారు అంతర్జాలమున ఉచితముగా ఉంచినారు. అవి మొదటి పరిచయమునకు చాలును.

పటము చేతికి వచ్చిన వెంటనే ఊరి గుర్తును వెదకరాదు. ముందుగా అంచులను చదువవలెను. కొలిచిన సంవత్సరమొకటి, అచ్చయిన సంవత్సర మొకటి అచట వేఱువేఱుగా నుండును. చరిత్రకారునకు ప్రమాణము మొదటిది. పిమ్మట గుర్తుల పట్టిక చూడవలెను. అందు జనులున్న ఊరికి ఒక గుర్తు, పాడుపడిన ఊరికి వేఱొక గుర్తు గలవు. పాడూరి గుర్తు ఉన్నచోట నూయియో, చెఱువుకట్టయో, సమాధులో సమీపమున నున్నవేమో చూచినచో, ఒకప్పటి నివాసము ఆకారము దాల్చును.

ఇక పేర్ల విచారము. 'ఏఱు' శబ్దమునకు ఔపవిభక్తిక రూపము 'ఏటి'. ఏటి యొడ్డున నున్న ఊరు ఏటూరు అనుట వ్యాకరణమునకును, స్థలమునకును చెల్లును. కన్నాయిగూడెము మండలమున గోదావరి గట్టున ఏటూరను గ్రామము నేడును వేఱుగా నున్నది. కావున 'ఏటూరు', 'నాగారము' అను రెండు మాటల సంబంధమును విచారించువారు రెండు గ్రామములను ఒకే పటమున చూచి మాటలాడవలెను. సర్వేవారు పేర్లను ఆంగ్లలిపిలో వ్రాసిరి. ఆ లిపిలో తకార టకారములకును, లకార ళకారములకును భేదము లేదు, హ్రస్వదీర్ఘములు నిలువవు. కోయభాషలో పలికిన పేరు తెలుగు గుమాస్తా చెవిని బడి, ఆంగ్లలిపిలోనికి పోయి, మరల తెలుగులోనికి వచ్చునప్పటికి వేఱు పేరైపోవుట వింత గాదు. కనుక పటమునందలి పేరును ఊరి పెద్దల నోట పలికించి సరిచూచుకొనక వ్యుత్పత్తి చెప్పబూనుట సాహసము.

నీళ్ల పేర్లును మాఱును. మేడారము ప్రక్కన పాఱు జంపన్నవాగు పూర్వనామము సంపెంగవాగనియు, యుద్ధమున గాయపడి జంపన్న అందు ప్రాణము విడుచుటచే ఆ పేరు కలిగినదనియు జనశ్రుతి. పేరు మాఱినను వాగు పాఱుచోటు తెలిసినచో పాత పేరును క్రొత్త పేరును ఒకే గీతపై చేర్చవచ్చును.

సర్వేవారు కొలతలతోపాటు పురాతనవస్తువులను గూడ గుర్తించుట ఈ ప్రాంతమున జరిగినది. ముల్హెరను అను సర్వేయరు గోదావరీ సమీపమున కాటాపురము, మల్లూరు మొదలగు చోట్ల బండలతో కట్టిన ప్రాచీన సమాధులను, మనుష్యాకారమును తలపించు శిలువవంటి నిలువురాళ్లను చూచి, 1868లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీవారి కార్యవివరణమున ప్రకటించెను. ఫెర్గుసను 1872లో తన గ్రంథమున వానిని చర్చించెను. ఈ అడవి ఎన్నడును నిర్జనము కాదనుటకు ఆ రాళ్లే సాక్షులు. వానిని మొదట లోకమునకు చూపినవాడు పండితుడు గాక, గొలుసు పట్టి నడచిన సర్వేయరగుట గమనింపదగినది.

వంశచరిత్రమునకు వచ్చినచో, కోయలకు వ్రాతలు లేకున్నను గ్రంథము లేకపోలేదు. వారి కులములు గట్టులుగా నేర్పడియున్నవి. ఒక్కొక్క గట్టునకు వేల్పు గలదు. పూర్వుల కథను బొమ్మలుగా కుట్టిన పడిగె గలదు. దానిని చూపుచు డోలి వాయించి వంశకథ పాడువారు గలరు. అట్టి గాయకులలో సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ బిరుదమునందెను. ఆయన 2024లో గతించెను. ఈ పాటలయందు ఊళ్ల పేర్లు వరుసగా వచ్చును. మేడారపు జాతరకు సారలమ్మ కన్నెపల్లినుండియు, గోవిందరాజు కొండాయినుండియు, పగిడిద్దరాజు పూనుగొండ్లనుండియు వత్తురు. సమ్మక్క పుట్టినిల్లు బయ్యక్కపేట అందురు. ఈ ఊళ్లను పటముపై గుర్తించి గీతలతో కలిపినచో, వియ్యముల త్రోవలు కన్నులకు కట్టును. పాటలో వచ్చి పటమున లేని ఊరి పేరును విడువరాదు. పాడూళ్ల గుర్తులనడుమ వెదకవలసినది దానినే.

గోదావరి పటమున ఒక్క నీలిగీత. పాతకాగితములకు మాత్రము అది రాజ్యపు హద్దు. కుడిగట్టున ఏటూరునాగారము నిజాము రాజ్యమున నుండెను. ఎడమగట్టును నిజాము 1860లో ఆంగ్లేయుల కిచ్చివేయగా, సిరొంచ ముఖ్యస్థలముగా ఎగువగోదావరి జిల్లా ఏర్పడెను. 1874లో భద్రాచలము తాలూకాయు, 1909లో నూగూరు, ఆలుబాక, చెర్ల తాలూకాలును మద్రాసు రాజధానిలో చేరినవి. 1959లో ఆ భాగమంతయు ఖమ్మము జిల్లా పాలయ్యెను. ఏటూరునాగారము వరంగల్లు జిల్లానుండి 2016లో జయశంకరు భూపాలపల్లి జిల్లాకును, 2019లో ములుగు జిల్లాకును మాఱినది. ఎదుటిగట్టునందలి వెంకటాపురము, వాజేడును నేడు ఆ జిల్లాలోనివే. కావున ఏటికి ఈవలావల వియ్యమందిన ఒక కుటుంబపు కాగితములు హైదరాబాదు, నాగపురము, మద్రాసు అను మూడు ప్రభుత్వముల దఫ్తరములలో చెదరియుండును. వానిని కలుపు దారము పటమే. పటమున ఊరు నిశ్చయమైన పిదపనే 1954-55 నాటి ఖాస్రాపహాణీ మొదలగు రెవిన్యూ లెక్కలలో పట్టాదారు పేరును, సాగుదారు పేరును వెదకుట సఫలమగును.

ఇంతవఱకు పటము చెప్పగల విషయములు. చెప్పజాలనిది ఒకటి గలదు. అది మిక్కిలి ముఖ్యము. భాట్టమీమాంసకులు అభావజ్ఞానమునకు అనుపలబ్ధిని ప్రమాణముగా నంగీకరించిరి. అయినను కనబడకపోవుట యెల్ల లేకపోవుట గాదు. ఉన్నచో తప్పక కనబడదగిన వస్తువు కనబడనప్పుడే అది ప్రమాణము. దానినే యోగ్యానుపలబ్ధి యనిరి. మైలునకు అంగుళమైన పటమున అఱువది గజముల చోటులో నున్న అయిదాఱు గుడిసెలు అంగుళములో సుమారు ముప్పదవవంతు స్థలమునే ఆక్రమించును. పోడు మార్చుకొనుచు కొన్నియేండ్లకొకసారి చోటు మాఱు గూడెము, సర్వేవారు వచ్చిన ఋతువున ఆ చోటనే యుండునను నియమమును లేదు. అట్టి గూడెము పటమున లేకపోవుట యోగ్యానుపలబ్ధి కాదు. పటమున ఉన్నదనుట బలమైన సాక్ష్యము. లేదనుట సాక్ష్యమే కాదు.

ఇది కేవలము శాస్త్రచర్చ గాదు. ఏటూరునాగారపు అడవి 1952లో వన్యమృగ సంరక్షణస్థలమైనది. 2006 నాటి అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వము అడవినేలను ఆక్రమించి సాగుచేయుచున్న గిరిజనులకు హక్కును గుర్తించినది. ఇతర అటవీనివాసులు మూడు తరములు, అనగా డెబ్బదియైదేండ్ల నివాసమును చూపవలెను. 2008 నియమములలో సాక్ష్యములుగా పేర్కొన్నవానిలో ప్రభుత్వపటములు, గెజిటీరులు, నూతులు, శ్మశానములు, పవిత్రస్థలములు, వంశావళి, వ్రాతలో పెట్టిన పెద్దల వాఙ్మూలము గలవు. చరిత్రకారుడు కోరు సాధనములే ఇవియు. అవతలివాడు 'పటమున మీ గూడెము లేదు' అన్నప్పుడు, పైని చెప్పిన న్యాయమును ఎఱిగినవాడు ఊరిలో ఒక్కడైనను ఉండవలెను. కొండాయిని 2023 జూలైలో జంపన్నవాగు ముంచి ప్రాణములు గొన్నది. 1986 ఆగస్టులో భద్రాచలమునొద్ద గోదావరి 75.6 అడుగులు పొంగెను. వఱదలకు పల్లెలు లేచిపోయినపుడు పాత చోటుల జ్ఞానముగూడ పోవును. పెద్దలు ఒక్కొక్కరే గతించుచున్నారు.

కావున ఈ మండలములలోని పాఠశాలల పండితులకు నా మనవి. ప్రతి పాఠశాలయు తన ప్రాంతపు పాతపటమును ఒకదానిని, క్రొత్తదానిని ఒకదానిని సంపాదించి గోడకు తగిలింపవలెను. పై తరగతుల విద్యార్థులు తమ యింటి పెద్దలనడిగి, తాతముత్తాతలు విడిచివచ్చిన ఊరిని, నూతిని, ఇప్పచెట్టును, వేల్పుగద్దెను, పేర్ల ఉచ్చారణతోసహా తెలుగులిపిలో వ్రాసి తేవలెను. చెప్పినవారి వయస్సును, గట్టును, తేదీని చేర్చవలెను. పటముతో సరిపోయినవి వేఱుగా, సరిపోనివి వేఱుగా నుంచవలెను. సరిపోనివానిని కొట్టివేయరాదు, రేపటి పరిశోధకునకు అవియే తొలిపని. ఇట్లు పదియేండ్లు చేసినచో, శాసనములు పలుకని ఈ అడవిసీమకు దాని బిడ్డల చేతి వ్రాతలోనే ఒక కైఫీయతు సిద్ధమగును.