అబ్బా జీపు: అసలు ఏది, మరమ్మతు ఏది?

మా షెడ్డులో ఒక జీపుకి రెండు ఇంజన్లున్నాయి. బానెట్ కింద ఉన్నది డీజిల్‌ది. మూలన టార్పాలిన్ కప్పుకుని, ఒళ్లంతా గ్రీజు పూసుకుని నలభై ఏళ్లుగా నిద్రపోతున్నది పెట్రోల్‌ది. అబ్బా ఇంతెఖాల్ తర్వాత షెడ్డు తాళాలతో పాటు ఈ రెండు ఇంజన్ల సవాలు కూడా నా చేతికొచ్చింది.

మాది శృంగవరపుకోట. అరకు ఘాట్ ఎక్కేముందు బళ్లన్నీ ఆగి ఊపిరి పీల్చుకునే ఊరు. ఘాట్‌లో ఏ బండి మొండికేసినా అబ్బా ఈ జీపులోనే పానాలు, గొలుసులు వేసుకుని కొండెక్కేవాడు. ఇది 1964 మోడల్ సీజే-3బీ. సర్కారీ వేలంలో కొన్నాడు.

మొన్న రంజాన్ తర్వాత హైదరాబాద్ నుంచి ఒక పాత బళ్ల షౌకీన్ వచ్చాడు. "పెట్రోల్ ఇంజన్ తిరిగి ఎక్కించండి. వెనక బెంచీలు, పైన క్యారియర్, పక్కన ఆ ఇనప మెట్టు తీసేయండి. కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలా చేసివ్వండి" అన్నాడు. ఆయన చెప్పిన రకంతో మా ఆపా కూతురి నిఖాకి చేసిన కర్జా మొత్తం తీరిపోతుంది.

భాంజాది ఇంకో లెక్క. "అమ్మడం దేనికి మామూ? కొత్త టర్బో ఇంజన్, పవర్ స్టీరింగ్, వెడల్పు టైర్లు పెడదాం. బొర్రా నుంచి కటికి జలపాతానికి టూరిస్టుల్ని తిప్పుదాం. కర్జా అదే తీరుతుంది."

ఒకరికి 1964 కావాలి, ఇంకొకరికి రేపు కావాలి. మధ్యలో అబ్బా బతికిన ఏళ్లు ఇద్దరికీ అక్కర్లేదు. జవాబు కోసం నేను తారీఖులోకి వెళ్లాను. తెలుగులో తారీఖు అంటే తేదీయే గానీ, ఉర్దూలో చరిత్ర కూడా.

జీపు పుట్టింది జంగ్ కోసం. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి బండి కావాలంటే మొదట తయారుచేసింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. పెద్ద ఎత్తున తయారుచేసింది విల్లీస్, ఫోర్డ్. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి 6 లక్షలకు పైగా జీపులు రోడ్డెక్కాయి. అంటే మొదటి రోజు నుంచే జీపు ఒకరి సొత్తు కాదు. ఒకరి నక్షా, ఇంకొకరి కార్ఖానా.

హిందుస్తాన్‌కి అది వచ్చిన దారి ఇంకా అజీబ్. 1945లో జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మొహమ్మద్ కలిసి ఉక్కు వ్యాపారం కోసం మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే కంపెనీ పెట్టారు. గులాం మొహమ్మద్ అలీగఢ్‌లో చదువుకున్నాడు, నిజాం సర్కారులో ఆర్థిక వ్యవహారాలు చూశాడు. 1947లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించడం మొదలైంది. అదే ఏడు తక్సీమ్. గులాం మొహమ్మద్ పాకిస్తాన్ మొదటి ఆర్థికమంత్రి అయ్యాడు, తర్వాత 1951 నుంచి 1955 దాకా గవర్నర్ జనరల్. 1948లో ఇక్కడి కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అప్పటికే అచ్చయిన కాయితాల మీద 'ఎం అండ్ ఎం' ఉంది కాబట్టి ఆ రెండు అక్షరాలు అలాగే ఉంచారని చెబుతారు. పేరు మారినా పాత కాయితాలు పనికొచ్చాయి. మిస్త్రీ కొడుకుని కాబట్టి నాకు ఈ కిస్సా చాలా నచ్చింది.

షౌకీన్ సాబ్ అంతగా అడుగుతున్న సీజే-3బీ కూడా ఒక మార్పు పుణ్యమే. విల్లీస్ వాళ్లు జీపులో హరికేన్ అనే ఎత్తైన పెట్రోల్ ఇంజన్ పెట్టాలనుకున్నారు. పాత బానెట్ కింద అది పట్టలేదు. బానెట్‌నే పైకి లేపి 1953లో ఈ ఎత్తు ముక్కు జీపు తెచ్చారు. 1973లో చమురు ధరలు భగ్గుమన్నాక ఇక్కడ అందరి కళ్లూ డీజిల్ మీద పడ్డాయి. 1979లో మహీంద్రా వాళ్లే ప్యూజో కంపెనీ నుంచి ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్‌కి లైసెన్సు తీసుకున్నారు. కంపెనీయే గుండె మార్చుకుంటే అసలు ఏదని అడగాలి?

అబ్బా ఆ పని 1983లో చేశాడు. యాక్సిడెంట్‌లో నుజ్జయిన ఒక జీపు నుంచి ప్యూజో ఇంజన్ తెచ్చాడు. షౌక్ కోసం కాదు. గాలికొండ దగ్గర పొగమంచు, వానాకాలం తడి డిస్ట్రిబ్యూటర్‌లోకి దిగితే పెట్రోల్ ఇంజన్ మలుపులోనే ఆగిపోయేది. డీజిల్‌కి స్పార్క్‌తో పని లేదు. తక్కువ స్పీడులోనే గట్టిగా లాగుతుంది. నష్టం లేదనను. ముందు బరువు పెరిగింది, స్టీరింగ్ మొరాయించింది, ఆ వణుకుడికి ల్యాంపుల బ్రాకెట్లు రెండుసార్లు విరిగాయి.

ఒక ఉసూల్ మాత్రం తప్పలేదు. "కోయొద్దు బేటా, బిగించు" అనేవాడు. ఛాసిస్ మీద కటింగ్ పెట్టలేదు. కొత్త మౌంటింగులన్నీ బోల్టులతోనే. ఆర్టీవో ఆఫీసులో పర్మిషన్ తీసుకుని ఆర్సీలో రాయించాడు. పాత ఇంజన్ని తుక్కు కొట్టుకి వేయకుండా గ్రీజు పూసి దాచాడు. "అమానత్" అన్నాడు. ఎవరి అమానతో చెప్పలేదు.

ఆ ఇనప మెట్టూ బోల్టులదే. రిపేరు ముగించుకుని దిగేటప్పుడు సంత నుంచి నడిచొచ్చే ఆదివాసీలు చెయ్యెత్తితే ఆపేవాడు. అల్లం మూటతో ఒక అవ్వ ఎక్కలేక జారిపడిందట. మర్నాడే మెట్టు పెట్టాడు. పైసా తీసుకునేవాడు కాదు. పనసకాయో, పసుపుకొమ్ములో షెడ్డుకి వచ్చేవి. షౌకీన్ సాబ్ కంటికి ఆ మెట్టు ఒక ఐబు. నా కంటికి ఈ జీపు మీద ఉన్న ఒకే ఒక దస్తఖత్.

కానూన్ కూడా చూశాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దు గీసింది. కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బళ్లు మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. భాంజా ప్లాన్ అక్కడే ఆగింది. 2021 జూలైలో వింటేజ్ బళ్లకు రూల్స్ వచ్చాయి. 50 ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మారకుండా మొదటి రూపంలో ఉండాలి. 20,000 ఫీజు కడితే 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. కానీ ఆ బండిని రోజువారీ పనికి గానీ, వ్యాపారానికి గానీ వాడకూడదు. అంటే పెట్రోల్ ఇంజన్ ఎక్కిస్తే ఇజ్జత్ వస్తుంది, కొండెక్కే హక్కు పోతుంది.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి పసుపు రోల్స్ రాయిస్ ఉంది. సింహాసనం కారు. అది ఊరేగింపుల కోసం పుట్టింది. దాన్ని మొదటి రూపంలో ఉంచడమే ఇన్సాఫ్. పని చేసిన బండికి ఇన్సాఫ్ వేరు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తన ట్యూరిన్ చార్టర్‌లో ఇదే ఒప్పుకుంది. పాత బండిని తయారైన నాటి రూపానికి తప్పనిసరిగా తీసుకెళ్లక్కర్లేదు, వాడకంలో వచ్చిన మార్పులూ దాని చరిత్రే అని.

మన తెలుగులో 'అసలు' అరబీ 'అస్ల్' నుంచి వచ్చింది. వేరు అని అర్థం. 'మరమ్మతు' కూడా ఉర్దూ మీదుగా వచ్చిందే. వేరు ఒక చోట ఉంటుంది, చెట్టు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కొమ్మ విరిగితే కట్టు కట్టడం మరమ్మతు. చెట్టుని మళ్లీ మొలక చేస్తాననడం జిద్దు.

షౌకీన్ సాబ్‌కి షుక్రియా చెప్పి పంపించాను. కర్జా అలాగే ఉంది. భాంజా, నేను చెరిసగం నెలనెలా తీరుస్తున్నాం. వాడి ముఖం ఇంకా పూర్తిగా విప్పుకోలేదు. జీపుకి బ్రేకు సిలిండర్లు, పైపులు, వైరింగ్ కొత్తవి వేశాను, అన్నీ పాత కొలతలకే. తుప్పు గీకాను. మెట్టు ముట్టుకోలేదు. ఒక నోటుబుక్ తెరిచి 1983 నుంచి ఏది, ఎప్పుడు, ఎందుకు మారిందో తెలిసినంతవరకు రాశాను.

పోయిన శుక్రవారం నమాజ్ అయ్యాక టార్పాలిన్ తీసి పెట్రోల్ ఇంజన్‌కి కొత్త గ్రీజు పూశాం. డబ్బా పట్టుకుంది భాంజాయే. "ఇది మళ్లీ ఎప్పుడైనా ఎక్కుతుందా మామూ?" అన్నాడు.

"బోల్టులే కదా బేటా. నీకు జరూరత్ పడితే విప్పుకో. కోయొద్దు, అంతే."