ఆప్టికల్ స్విచ్

ఒక ఆప్టికల్ ఫైబర్‌లో వచ్చే సంకేతాన్ని విద్యుత్తుగా మార్చకుండా, కాంతిగానే మరో ఫైబర్‌లోకి మళ్లించే పరికరం ఆప్టికల్ స్విచ్. మామూలు నెట్‌వర్క్ స్విచ్ కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చి, ప్రతి ప్యాకెట్ చిరునామా చదివి, మళ్లీ కాంతిగా పంపుతుంది. ఆప్టికల్ స్విచ్ దేన్నీ చదవదు; రైల్వే పాయింట్లలా దారి మాత్రమే మారుస్తుంది. కాబట్టి తరంగదైర్ఘ్యం దాని పరిధిలో ఉన్నంతవరకు, డేటా వేగం ఎన్ని రెట్లు పెరిగినా అదే స్విచ్ పనికొస్తుంది. దీని అసలు విలువ ఇక్కడే ఉంది.

ఎక్కువ ఫైబర్లను కలిపే స్విచ్‌లలో సిలికాన్‌పై చెక్కిన సూక్ష్మ అద్దాలు వాడతారు. ఫైబర్ నుంచి వచ్చిన కాంతిని లెన్సు సన్నని కిరణంగా చేస్తుంది. వోల్టేజి ఇస్తే అద్దం రెండు దిశల్లో వంగుతుంది. అద్దాల వరుసలు రెండు ఉండాలి: మొదటిది కిరణాన్ని కావలసిన చోటికి గురిపెడుతుంది, రెండోది దాని కోణాన్ని సరిచేసి ఫైబర్‌లోకి తిన్నగా పంపుతుంది. సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే గర్భం వ్యాసం సుమారు 9 మైక్రోమీటర్లే. కోణం కాస్త తప్పినా కాంతి వృథా.

గూగుల్ తన డేటా సెంటర్ల కోసం తయారుచేసుకున్న పాలోమార్ స్విచ్‌లో ఈ గురిని కెమెరాలు కనిపెట్టుకుని ఉంటాయి. 850 నానోమీటర్ల కాంతిని అద్దాలపై వేసి, వచ్చే చిత్రాన్ని బట్టి వాటిని సర్దుతారు. ఒక్కో స్విచ్ 136 ఫైబర్లను మరో 136 ఫైబర్లతో ఎలా కావాలంటే అలా కలపగలదు. టీపీయూ వీ4 అనే గూగుల్ సొంత ఏఐ చిప్‌లు 4,096 ఉన్న సూపర్‌కంప్యూటర్‌లో ఇలాంటి స్విచ్‌లు 48 ఉన్నాయి. ఏదైనా భాగం పాడైతే దాన్ని పక్కనపెట్టి మిగతావాటిని కొత్తగా కలుపుతారు. కేబుళ్లు పీకే పని లేదు.

దూరప్రాంత నెట్‌వర్కుల్లో ఒకే ఫైబర్‌లో పదుల తరంగదైర్ఘ్యాలు కలిసి ప్రయాణిస్తాయి. అక్కడ గ్రేటింగ్ వాటిని విడదీస్తే, ద్రవ స్ఫటికాల ఫలకం ఒక్కోదాన్ని ఒక్కో దారికి పంపుతుంది. లిథియం నియోబేట్ స్విచ్‌లు విద్యుత్ క్షేత్రంతో నానోసెకన్లలో మారతాయి గానీ వందల పోర్టులకు పెంచడం కష్టం.

అద్దాలు కదలడానికి మిల్లీసెకన్లు పడుతుంది. అందుచేత ప్యాకెట్‌కో దారి చూపడం వాటి వల్ల కాదు. కొంతకాలం నిలిచే మార్గాలకే అవి తగినవి. సంకేతాన్ని తిరిగి బలపరచవు కూడా. 2 డెసిబెల్స్ నష్టమంటే మూడో వంతుకు పైగా కాంతి పోయినట్టే, అలాంటి స్విచ్‌లు దారిలో ఎన్ని ఉంటే నష్టం అంతగా పేరుకుంటుంది. లోపల డేటా చదవడమే లేదు కనుక, దారిలో దొర్లిన బిట్ తప్పులను రెండు కొసల్లోని పరికరాలే పట్టుకోవాలి.