రెండు తూటాల నడుమ పుదుచ్చేరి

ఫ్రెంచి సైన్యం వాడిన లెబెల్ తూటాను, మన పోలీసులు ‘త్రీ నాట్ త్రీ’ అని పిలిచే .303 తూటాను పక్కపక్కన నిలబెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. లెబెల్ కాస్త పొట్టిది, కింద బాగా లావు. పైకి వస్తూ వస్తూ మెడ దగ్గర ఒక్కసారిగా సన్నబడుతుంది. అడుగున దాని అంచు 16 మిల్లీమీటర్లు. .303 నాజూగ్గా, నిటారుగా ఉంటుంది. దాని అంచు 14 మిల్లీమీటర్లకు లోపే. ఒకదాని తుపాకీలోకి రెండోది ఎక్కదు. 1880ల చివర నుంచి 1954 దాకా ఈ రెండు కొలతల రాజ్యాలకూ మధ్య హద్దు పుదుచ్చేరి చుట్టూ ఉండేది. ఆ హద్దు సూటి గీత కాదు. ఫ్రెంచి గ్రామాలు, దక్షిణ ఆర్కాడు జిల్లా బ్రిటిష్ గ్రామాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉండేవి. వరిచేల గట్టు దాటితే సర్కారూ మారేది, సర్కారు తుపాకీ కొలతా మారేది.

పాత సైనిక రైఫిళ్ల చరిత్రను జనం సాధారణంగా ఇనుము, కర్ర, గురి అనే మూడు మాటల్లో చెప్పుకుంటారు. పుదుచ్చేరిలో ఆ చరిత్రను నడిపింది తూటా. ఏ తుపాకీ ఎవరి చేతిలో ఉండాలో, దేన్ని బాగుచేసుకోవచ్చో, దేనితో వేటకు వెళ్లవచ్చో తూటా కొలతే తేల్చింది.

ఫ్రెంచివాళ్లు ఇక్కడ సిపాయిలకు తుపాకీ నేర్పిన కథ బోల్టు రైఫిల్ కంటే వందేళ్లకు పైగా పాతది. గవర్నర్ డూప్లే కాలానికే పుదుచ్చేరిలో కవాతు చేసిన దేశీయ పటాలాలు ఉన్నాయి. ఫ్రెంచి సేనాని బుస్సీ వెంట ఉత్తర సర్కారుల దాకా వచ్చినవి ఆ తరహా పటాలాలే. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు నిలిచిన ఫ్రెంచి తుపాకులను తెలుగువాడు మరిచిపోలేదు. అయితే 1761లో ఇంగ్లీషువాళ్లు పుదుచ్చేరిని పట్టుకుని కోటను నేలమట్టం చేశారు. తర్వాత 1814 పారిస్ ఒప్పందం ప్రకారం ఊరు మళ్లీ ఫ్రాన్సుకు దక్కింది గానీ, దానికో షరతు ఉంది. ఇక్కడ కోటలు కట్టకూడదు, పోలీసు పనికి సరిపడా తప్ప సైన్యం పెట్టకూడదు. పుదుచ్చేరి ఆయుధాల గురించి మాట్లాడేటప్పుడు ఈ ఒక్క షరతునూ మనసులో పెట్టుకోవాలి. పెద్ద ఆయుధాగారం, మందుగుండు కర్మాగారం, కోట బురుజులు ఇక్కడ ఇక లేవు. ఫ్రెంచి తుపాకీ పరిజ్ఞానమంతా సముద్రానికి అవతల సాంతెతియెన్, శాతెల్‌రో, త్యూల్ కర్మాగారాల్లో పెరిగింది. ఊళ్లో మిగిలింది కాపలా తుపాకీ.

సముద్రానికి అవతల మాత్రం మార్పులు చకచకా జరిగిపోయాయి. 1866లో వచ్చిన షాస్‌పో రైఫిల్‌తో ఫ్రెంచి సైన్యం బోల్టు పద్ధతికి మారింది. తలుపు గడియ లాంటి పిడిని పైకెత్తి వెనక్కి లాగితే గొట్టం వెనక భాగం తెరుచుకుంటుంది, ముందుకు తోసి కిందికి దించితే మూసుకుంటుంది. షాస్‌పో తూటా కాగితంతో చుట్టినది. 1874లో దాన్ని ఇత్తడి తూటాకు మార్చి గ్రా రైఫిల్ తయారుచేశారు. అసలు విప్లవం 1884లో వచ్చింది. పోల్ వియే అనే రసాయన శాస్త్రవేత్త పొగ రాని మందు కనిపెట్టాడు. రెండేళ్లలోనే, 1886లో, ఆ మందు కోసం లెబెల్ రైఫిల్ సిద్ధమైంది. తొందరలో తూటాకు కొత్త రూపం ఇవ్వలేదు. 11 మిల్లీమీటర్ల గ్రా తూటా తొడుగునే తీసుకుని మెడ నొక్కి 8 మిల్లీమీటర్లకు కుదించారు. లెబెల్ తూటా అంత లావుగా, వంకరగా ఉండటానికి కారణం ఇదే. ఆ వంకర వల్ల తర్వాత అదే తూటా వాడిన ఫ్రెంచి తుపాకులు ఇబ్బంది పడ్డాయి.

లెబెల్‌ను దగ్గరగా చూడటం ఒక ఆనందం. పొడవు దాదాపు 130 సెంటీమీటర్లు. కర్ర రెండు ముక్కలు: ముందు భాగం వేరు, భుజానికి ఆనించే బట్ వేరు, మధ్యలో బరువైన ఉక్కు పెట్టె. ఆ పెట్టె ఎడమ పక్కన కర్మాగారం పేరు గొలుసుకట్టు రాతలో చెక్కి ఉంటుంది. పేరు తర్వాత ‘ఎం93’ అని కనిపిస్తే అది 1893 మార్పులు పొందిన తుపాకీ. బోల్టు తీయాలంటే దాన్ని సగం వెనక్కి లాగి, తల భాగాన్ని ఒంటికి కట్టిపడేసే ఒకే ఒక్క మరను విప్పాలి. అప్పుడు ఒళ్లు వెనక్కి వస్తుంది, తల చేతిలోకి జారుతుంది. ఆ చిన్న మర పోయిందంటే తుపాకీ మూలన పడాల్సిందే. ఎనిమిది తూటాలు గొట్టం కింద వరసగా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. 1898లో మొన తేలిన కొత్త గుండు వచ్చినప్పుడు ఈ వరస ప్రమాదమైంది. వెనక తూటా మొన ముందు తూటా మడమలో ఉన్న మెరుపుమందుకు తగిలితే పేలవచ్చు. అందుకని తూటా మడమ మీద గుండ్రని గాడి చెక్కారు, మొన ఆ గాడిలో ఆనేలా. ఇంత చిన్న గాడి లక్షల ప్రాణాలను కాపలా కాసింది.

వరస మ్యాగజీన్‌కు కాలం చెల్లిందని ఫ్రెంచివాళ్లకు తెలుసు. బెర్తియే రూపొందించిన తుపాకుల్లో 1902 నాటి ఒక నమూనాను ప్రత్యేకంగా ఇండోచైనా సిపాయిల కోసం పొట్టిగా చేశారు. పుదుచ్చేరి వాళ్లకు ఇండోచైనా దూరదేశం కాదు. 1881 సెప్టెంబరు 21 డిక్రీతో వ్యక్తిగత కులాచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టంలోకి వచ్చినవాళ్లు, కొత్త ఇంటిపేర్లు పెట్టుకున్నవాళ్లు, సైగాన్‌కు ఓడెక్కారు. కొందరు ఆఫీసుల్లో చేరారు, కొందరు సైన్యంలో. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఫ్రెంచి ఇండియా నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారు. 1930ల చివర బీచ్ రోడ్డు మీద లేచిన యుద్ధ స్మారకం వాళ్ల కోసమే. ఏటా జూలై 14న అక్కడ ఇప్పటికీ వందనం జరుగుతుంది. ఫ్రెంచి పింఛను తీసుకునే మాజీ సైనికులను ఊరు ‘సొల్దా’ అనే పిలుస్తుంది. సొల్దా ఇంటికి పతకం వచ్చింది, పింఛను వచ్చింది. రైఫిల్ మాత్రం సర్కారు సొత్తు, సర్కారు దగ్గరే ఉండిపోయింది. ఫ్రాన్సు పల్లెల్లో తాత వాడిన తుపాకీని మనవడు నూనె పెట్టి తుడుచుకుంటాడు. అలాంటి వారసత్వం పుదుచ్చేరిలో పుట్టకపోవడానికి ఇదొక కారణం.

ఇంకో కారణం హద్దుకు అవతల ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్లు దేశీయ సిపాయిలకు చాలాకాలం తమకంటే ఒక తరం పాత తుపాకులే ఇచ్చారు. 1878 ఆయుధ చట్టంతో సామాన్యుడి చేతిలో తుపాకీకి లైసెన్సు తప్పనిసరి చేశారు. ఫ్రెంచి నేల మీద ఆ చట్టం చెల్లదు. అందుకే ఇంగ్లీషు పోలీసుల కన్ను ఎప్పుడూ ఫ్రెంచి ఊళ్ల మీదే. మరో ఫ్రెంచి స్థావరమైన చందర్‌నగర్‌లో ఆయుధాల రాకను కట్టడి చేయబోయిన మేయర్ తర్దివెల్ ఇంటి మీద 1908 ఏప్రిల్‌లో బాంబు పడింది. పుదుచ్చేరికి అదే ఏడాది కవి భారతి వచ్చాడు, 1910లో విప్లవకారులు అరవిందుడూ వి.వి.ఎస్. అయ్యరూ వచ్చారు. అయ్యర్ దగ్గర గురి నేర్చుకున్న వాంచినాథన్ 1911 జూన్ 17న మణియాచ్చి స్టేషన్‌లో కలెక్టర్ యాష్‌ను కాల్చాడు. వాడింది బ్రౌనింగ్ పిస్తోలు. విప్లవకారుడికి సంచిలో ఇమిడేది కావాలి, మనిషి భుజం దాకా వచ్చే లెబెల్‌తో అతనికి పనిలేదు. పెద్ద తుపాకీ ఎప్పుడూ సర్కారు పక్షమే.

ఆ పక్షం ఎలా ఉంటుందో 1936 జూలై 30న సవానా మిల్లు దగ్గర ఊరు చూసింది. ఎనిమిది గంటల పనిదినం కోసం, సంఘం పెట్టుకునే హక్కు కోసం సమ్మె చేస్తున్న కార్మికుల మీద ఫ్రెంచి సర్కారు కాల్పులు జరిపింది. పన్నెండు మంది చనిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఎనిమిది గంటల పనిని చట్టం చేశారు. పాత తుపాకుల అందం గురించి రాసేవాళ్లు ఈ తేదీని దాటేసి పోకూడదు.

ఇక వేట. 1907 ప్రాంతంలో బ్రిటిష్ సర్కారు .450 తూటాలను భారతదేశంలో నిషేధించింది, పాత మార్టినీ-హెన్రీ రైఫిళ్లకు తిరుగుబాటుదారులు వాటిని వాడుకుంటారన్న భయంతో. లండన్ తుపాకీ దుకాణాలు ఊరుకుంటాయా? కొద్దిగా కొలత మార్చి .470, .465 లాంటి కొత్త తూటాలను వేటగాళ్లకు అమ్మాయి. సైనిక తూటాను సామాన్యుడికి దూరంగా ఉంచాలన్న అదే పద్ధతి .303కూ వర్తించింది. దానికి ప్రత్యామ్నాయంగా మన దేశంలో స్థిరపడింది .315. ఇది ఆస్ట్రియా వాళ్ల పాత మాన్‌లిఖర్ తూటాయే. స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్ కర్మాగారం .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పోలికతోనే .315 వేట రైఫిల్ చేసి లైసెన్సుదారులకు అమ్మింది. చూపుకు త్రీ నాట్ త్రీ, నోట్లో వేరే తూటా. కాగితం మీద చూస్తే ఈ మాన్‌లిఖర్ తూటా 8×50, లెబెల్ కూడా 8×50. అంకెలు ఒకటే కదా అని ఎవరైనా మోసపోవచ్చు. కానీ లెబెల్ నడుము అంతకంటే మిల్లీమీటరుకు పైగా లావు, దాని తుపాకీలో ఇది వదులుగా కొట్టుకుంటుంది.

ఫ్రాన్సులోనూ కథ ఇదే దారిన నడిచింది. అక్కడ పాత గ్రా రైఫిళ్లను సాంతెతియెన్, లియేజ్ పనివాళ్లు గొట్టం నున్నగా తొలిచి పిట్టల వేటకు చవక తుపాకులుగా మార్చారు. 1939 చట్టం యుద్ధ తూటాలు పేల్చే తుపాకులను పౌరులకు దూరం చేసింది. దాంతో పాత రైఫిళ్లలో తూటా కూర్చునే గదిని ఇంకొంచెం తొలిచి వేరే కొలత వేట తూటాలకు సర్దుకున్నారు. మన ఇషాపూర్ కూడా ఇలాంటి పని చేసింది, ఉద్దేశం మాత్రం తలకిందులు. సైనిక .303 గొట్టాన్ని నున్నగా తొలిచి, మ్యాగజీన్ చోట కర్ర దిమ్మ బిగించి, ఒక్క తూటా మాత్రమే పట్టే .410 మస్కెట్‌గా మార్చింది. కాపలాకు, అల్లర్లను అదుపు చేయడానికి పోలీసులకు అది ఇచ్చారు. దొంగ ఎత్తుకుపోయినా దూరం కొట్టలేని తుపాకీ అది.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారత్ చేతికి వచ్చింది. తూటాల హద్దు ఆ రోజుతో చెరిగింది. పోలీసు తలమీద ఎర్ర కెపీ టోపీ అలాగే ఉండిపోయింది గానీ, ఆయుధాల లెక్క మొత్తం ఇషాపూర్ వైపు తిరిగింది.

లీ-ఎన్‌ఫీల్డ్‌ను సముద్రం పక్క ఊళ్లో కాపాడుకోవడం అంత సులువు కాదు. పాత .303 తూటా మడమలోని మెరుపుమందు పేలాక గొట్టంలో ఉప్పు వదిలిపోతుంది. నూనె ఆ ఉప్పును కరిగించలేదు. సైన్యం పద్ధతి మరిగే నీళ్లే: గరాటు పెట్టి గొట్టంలోకి పోసి, వేడికి తడి ఆరిపోయాక, తాడు చివర గుడ్డ కట్టి లాగి, అప్పుడు నూనె. గాలిలోనే ఉప్పు ఉన్న చోట ఒక్క రాత్రి అశ్రద్ధ చేసినా గొట్టంలో గుంటలు మొదలవుతాయి. కర్రకు అవిసె నూనె. ఇషాపూర్ రైఫిళ్లకు ముందు కర్ర చీలకుండా అడ్డంగా ఒక అదనపు మర బిగిస్తారు. బోల్టు మీద చెక్కిన నంబరు, ఉక్కు పెట్టె మీది నంబరు ఒకటేనా అన్నది ఆర్మరర్ మొదట చూడాల్సిన సంగతి. ఒక రైఫిల్ బోల్టు ఇంకోదానికి ఎక్కించడం చిటికెలో పని. కానీ బోల్టు ముఖానికీ గొట్టం వెనక అంచుకూ మధ్య ఎడం కొద్దిగా పెరిగినా, పేలుడుకు ఇత్తడి తొడుగు చీలి మంట వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి తన్నవచ్చు.

చట్టం ఇప్పటికీ తూటా భాషే మాట్లాడుతోంది. 1959 చట్టం కింద వచ్చిన ఆయుధ నిబంధనలు .303, 7.62 మిల్లీమీటర్ల బోల్టు రైఫిళ్లను, .410 మస్కెట్లను నిషిద్ధ కొలతల్లో చేర్చాయి. 1972 వన్యప్రాణి చట్టంతో సరదా వేట కూడా ముగిసింది, ముగియడమే మంచిదైంది. కాబట్టి పాత సైనిక రైఫిల్‌ను బాగుచేసి అడవికి తీసుకెళ్లే అభిరుచి అమెరికాలో, ఫ్రాన్సులో ఉన్నట్టు పుదుచ్చేరిలో ఉండదు. ఇక్కడ మిగిలింది పోలీసు ఆయుధాగారాల్లోని అరలు, ఎన్‌సీసీ పిల్లలు కవాతు చేసే, పేలడానికి వీల్లేకుండా చేసిన డ్రిల్లు రైఫిళ్లు.

త్రీ నాట్ త్రీలు దేశమంతటా ఒక్కొక్క పోలీసు శాఖ నుంచి సెలవు తీసుకుంటున్నాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినాన కవాతులో వాటికి వీడ్కోలు పలికారు. వాడుక నుంచి తప్పించిన తుపాకీ చివరకు కొలిమికో కోత యంత్రానికో వెళుతుంది. పుదుచ్చేరి వరకు చేయాల్సిన పని ఒకటుంది. ఆయుధాగారాల్లోని ప్రతి పాత రైఫిల్ మీదా ఉన్న ముద్రలను ముందే రాసిపెట్టాలి: కర్మాగారం, సంవత్సరం, కిరీటమా అశోక సింహాలా, మార్చిన కొలత, నంబరు కలిసిన బోల్టా కాదా. .303లలో ఒకటి, .410 మస్కెట్లలో ఒకటి, ఎక్కడైనా దొరికితే 8 మిల్లీమీటర్ల ఫ్రెంచిది ఒకటి, పేలకుండా చేసి ఊరి మ్యూజియంలో పక్కపక్కన పెట్టాలి. వాటి ముందు రెండు ఖాళీ తూటా తొడుగులు, పక్కన సవానా మిల్లు తేదీ ఉండాలి.