వైద్యుల వలస (దిగువ కృష్ణా డెల్టా)

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో వైద్యులు దేశాన్నో వృత్తినో వదలడం నూరేళ్లు దాటిన సంగతి. పేరున్న పాత ఉదాహరణలో వదిలింది దేశాన్ని కాదు, వృత్తిని. మద్రాసులో చదివి బందరులో ప్రాక్టీసు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య, బాగా సాగుతున్న వైద్యాన్ని 1916లో మానుకుని జాతీయోద్యమంలో దిగారు. 1923లో అదే ఊళ్లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు.

1946లో గుంటూరు వైద్య కళాశాల వచ్చాక డెల్టా రైతు కుటుంబాల పిల్లలకు డాక్టరు చదువు దగ్గరైంది. తొలినాళ్లలో చూపంతా ఎఫ్.ఆర్.సి.ఎస్., ఎం.ఆర్.సి.పి.ల కోసం ఇంగ్లండు మీదే. 1965 వలస చట్టంతో అమెరికా దేశాలవారీ పాత కోటాలు ఎత్తేసింది. ప్రవాహం అటు మళ్లింది. 1975లో బ్రిటన్ భారతీయ డిగ్రీలకు నేరుగా ఇచ్చే గుర్తింపు ఆపింది. మరుసటి ఏడాది అమెరికా కూడా తలుపు ఓరగా వేసింది. ఎవరు ఎప్పుడు వెళ్లాలో ఇక్కడి ఆశలకన్నా అక్కడి అవసరమే ఎక్కువగా తేల్చింది.

డబ్బే కారణమంటే సగం నిజం. ఇక్కడ పీజీ సీటు కోసం ఏళ్లతరబడి పుస్తకాలతో కుస్తీ పట్టాలి. అక్కడ రెసిడెన్సీలో జీతమిచ్చి మరీ స్పెషాలిటీ నేర్పుతారు. పైగా అమెరికా డాక్టరు సంబంధమంటే కట్నం లెక్కే వేరు.

జె-1 వీసా మీద వెళ్లినవారు శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది షరతు. 1994లో వచ్చిన కాన్రాడ్ పథకం కింద, డాక్టర్లు కరువైన ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే అది మాఫీ. నాగాయలంక పీహెచ్‌సీ అంటే ముఖం చిట్లించే కుర్రాడు కాన్సస్ పల్లెలో మూడేళ్లు కిమ్మనకుండా చేస్తాడు! ఇక్కడ గిలకలదిండి రేవులో పడవ ఇంజనులో చెయ్యి నలిగినవాణ్ని ఆటోలో బందరు పెద్దాసుపత్రికి తేవాలి. అక్కడ స్పెషలిస్టు లేకపోతే విజయవాడే గతి.

దంతవైద్యుల దారి ఇంకా ఇరుకు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లైసెన్సు కావాలంటే బీడీఎస్ చదివినవారు అక్కడి డెంటల్ కళాశాలలో మళ్లీ రెండు మూడేళ్లు చదవాలి. ఆ ఖర్చు మోయలేక క్లినికల్ రీసెర్చికో మెడికల్ కోడింగుకో మళ్లినవారు ఎందరో.

తిరిగొచ్చినవారూ ఉన్నారు. కృష్ణా జిల్లా చోడవరంలో పుట్టిన గుళ్లపల్లి నాగేశ్వరరావు రోచెస్టర్ విశ్వవిద్యాలయం వదిలి వచ్చి ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నెలకొల్పారు. అయితే అది వెలిసింది హైదరాబాదులో.

బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 150 సీట్లతో మొదలైంది. ఆ తొలి బ్యాచి హౌస్ సర్జన్సీ ముగించుకునేది 2029లో.