గ్రంథాలయ డిస్కుల నిర్వహణ
గ్రంథాలయం పాఠకులకు ఇంటికిచ్చే సీడీ, డీవీడీ, బ్లూ-రే డిస్కుల మన్నిక, మరమ్మతు యంత్రం కంటే తిరిగి వచ్చిన డిస్కును అప్పటికప్పుడు పరీక్షించడం మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. కారణం డిస్కు నిర్మాణంలోనే ఉంది. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు, సమాచారాన్ని చదివించే అల్యూమినియం పొర లేబుల్ కిందే, పలుచని పూత చాటున ఉంటుంది. అడుగువైపు పాలీకార్బొనేట్ మీద గీత పడితే సానపట్టి తొలగించవచ్చు. లేబుల్ వైపు గీత ఆ పొరనే చీల్చితే ఏ యంత్రమూ దాన్ని బాగుచేయలేదు. డీవీడీలో పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల నడుమ ఉంటుంది గనుక కొంత నయం. బ్లూ-రేలో ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉండటంతో మామూలు సాన పనికిరాదు. తుడవడం కూడా మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా సాగాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంటే సాగి, దోష సవరణకు అందనంత నష్టం చేస్తుంది.

కౌంటరులో అంత తీరిక ఉండదన్న అభ్యంతరం సబబే. అయినా రెండు వైపులా వెలుతురులో చూడటానికి క్షణాలే పడతాయి. చూడకుండా అల్మరాకెక్కించిన డిస్కు మరో పాఠకుడి ఫిర్యాదుగా తిరిగొస్తుంది, అప్పటికి పాడుచేసింది ఎవరో తేలదు. స్ట్రీమింగ్ ఉండగా ఈ శ్రమ ఎందుకన్న వాదనా ఉంది. ఆన్‌లైన్ లైసెన్సు గడువు తీరితే చిత్రం అందకుండా పోతుంది. కొన్న డిస్కు గ్రంథాలయం సొత్తుగానే ఉంటుంది.