అడంగలులో లేని పేరు



ప్రత్యేక సంచికకు మీ ఊరి చరిత్ర ఏదైనా రాసివ్వండని మన కార్యదర్శిగారు అడిగారు. మా ఊరు పోలవరం. ఆ పేరు చెప్పగానే ఎవరైనా ప్రాజెక్టు సంగతే అడుగుతారు. దాన్ని గురించి రాయడానికి నాకంటె తెలిసిన ఇంజనీర్లు మన సంఘంలోనే ఉన్నారు. నేను రెవెన్యూలో చేసినవాణ్ణి. కనుక మా ఇంటి పొలం గురించీ, దాన్ని మూడు తరాలుగా నిలబెట్టిన ముగ్గురు ఆడవాళ్ళ గురించీ నాలుగు మాటలు రాస్తాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది.

ముందుగా ఊరి సంగతి. గోదావరి పాపికొండలు దాటి వెడల్పయ్యే చోట, కుడిగట్టున ఉంది పోలవరం. కాస్త దిగువన పట్టిసీమ వీరభద్రస్వామి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట కట్టించింది ధవళేశ్వరం దగ్గర. కాలవలన్నీ అక్కణ్ణించి కిందికే పోతాయి. డెల్టాలో వరి పండి ఊళ్ళు బాగుపడుతుంటే, ఎగువనున్న మాకు గోదావరి కళ్ళ ఎదుట ఉండి కూడా చుక్క నీరు పారకం లేదు. మా బతుకంతా మెట్ట పంట మీదా, లంక మీదా. మెట్టన జొన్న, కంది. వరద తీశాక ఒండ్రు పట్టిన లంకలో పొగాకు, మిరప. లంక భూమి ఏటేటా ఒకలా ఉండదు. ఒకచోట గోదావరి కోసేస్తుంది, ఇంకొకచోట మేట వేస్తుంది.

మా మామ్మకు ముప్ఫై ఏళ్ళు నిండేసరికి తాతగారు పోయారు. మా నాన్నకు అప్పుడు పదకొండేళ్ళు. ఆ రోజుల్లో ఉమ్మడి కుటుంబంలో విధవకు ఆస్తిలో హక్కు లేదు, మనోవర్తి తప్ప. 1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చింది గాని అది వ్యవసాయ భూములకు వర్తించదన్నారు. మద్రాసు రాష్ట్రంలో పొలాలకు కూడా దాన్ని వర్తింపజేసింది 1947లో. అదైనా జీవితకాలం అనుభవించే హక్కే. పూర్తి హక్కు రావడానికి 1956 దాకా ఆగవలసి వచ్చింది. ఈ చట్టాలేవీ మామ్మకు తెలియవు. ఆమెకు తెలిసింది పొలం.

తెల్లవారుజామున చద్దన్నం మూట కట్టుకుని, కూలీలతో పాటు నాటుపడవ ఎక్కి లంకకు పోయేది. పొగాకు నారు పోయించడం, వరద తీశాక నాట్లు వేయించడం, తలలు తుంచడం, పిలకలు గిల్లడం, మాఘ ఫాల్గుణాల్లో ఆకు కొట్టించి తోరణాలు కట్టించి ఆరబెట్టడం, మండెలు వేసి తిప్పించడం అన్నీ దగ్గరుండి చూసేది. పొగాకు జిగురు చేతులకు పట్టి నల్లగా అయిపోతే సున్నిపిండితో ఎంత రుద్దినా పోయేది కాదు. ఆ చేత్తో కలిపి పెట్టిన అన్నం ముద్ద కొంచెం చేదుగా ఉండేది. నాకు ఇప్పటికీ ఆ రుచి జ్ఞాపకం. విత్తనం కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టి కుండల్లో దాచేది. చదువు లేదు. కూలి లెక్కలు వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు. ఆ గీతల్లో తప్పు వచ్చిందని ఏ కూలిమనిషీ అనగా నేను వినలేదు.

1938లో తన కాసులపేరు అమ్మి మూడెకరాల మెట్ట కొన్నది. దస్తావేజు మా నాన్న పేరున రాయించారు. "ఆడదాని పేరున ఎందుకు, రేపు చిక్కులొస్తాయి" అన్నారట పెద్దలు. నాన్న మైనరు కనుక, ఆయన తరఫున తల్లి సంరక్షకురాలు అని మామ్మ పేరు ఒక్కసారి రాశారు. కింద ఆమె వేలిముద్ర ఉంది. ఆమె ఆ నేల మీద ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి 1974లో పోయింది. ఆమె పేరున్న సర్కారు కాగితం మా ఇంట్లో అదొక్కటే.

మామ్మ తర్వాత మా అమ్మ. 1953 వరదలో పశువుల్ని మెరకకు తోలి, విత్తనపు కుండలు అటక మీదికి చేర్చింది ఆమేనని చెప్పుకునేవారు. పాడి, పెరటి కూర, పనివాళ్ళకు భోజనాలు ఆమెవి. 1986 ఆగస్టు వరద నేను కళ్ళారా చూశాను. భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటింది. ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులు పైగా వచ్చింది. నీరు తీశాక లంకలో మా చేనంతా ఇసుక మేట. నాన్న అరుగు మీద కూర్చుండిపోయారు. అమ్మ మాత్రం "మెట్ట ఉందిగా, కంది చల్లుదాం" అన్నది. ఆ ఏడు మమ్మల్ని నిలబెట్టింది మామ్మ కాసులపేరు మూడెకరాలే.

గోదావరి జిల్లాల్లో ఇలాంటి తల్లుల చరిత్రలో వెలుగులోకి వచ్చినది డొక్కా సీతమ్మగారిది. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో సంపన్న రైతు డొక్కా జోగన్నగారి ఇల్లాలై, 1909లో పోయేదాకా వచ్చినవాడికల్లా అన్నం పెట్టిన మహాతల్లి. గన్నవరం దగ్గర అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టారు. ఆమె పెట్టిన అన్నం అందరికీ తెలుసు. కాని అంత అన్నం వండాలంటే ధాన్యం కొలిపించాలి, విత్తనం దాచాలి, పాడి చూడాలి. ఆ ఇంటి సేద్యం వెనుక ఆమె ఎంత శ్రమ పడి ఉంటుందో మనం ఊహించుకోవలసిందే. అన్నదాత్రి అని ఆమెను కీర్తించాము గాని, రైతు అని ఎవరూ అనలేదు.

ఇక నా తప్పు. మా నాన్న 1988లో కాలం చేశారు. మేము ముగ్గురు అన్నదమ్ములం, ఒక చెల్లెలు. 1956 చట్టం ప్రకారం నాన్న ఆస్తిలో మాతో సమానంగా అమ్మకూ చెల్లెలికీ భాగం ఉంది. ఈ సంగతి ఆ ఇంట్లో క్షుణ్ణంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా హక్కు విడుదల పత్రం నేనే నా దస్తూరీతో రాశాను. అమ్మ మాట్లాడకుండా సంతకం పెట్టింది. చెల్లెలు "నాకెందుకన్నయ్యా, పుట్టిల్లు ఉంటే చాలు" అని పెట్టింది. పెళ్ళికి ఖర్చు పెట్టాంగదా అని నా మనస్సుకు నేను సర్దిచెప్పుకున్నాను.

నాలుగేళ్ళకు మా బావగారు పోయారు. చెల్లెలు ఇద్దరు పిల్లలతో పోలవరం వచ్చింది. మేము ముగ్గురం ఉద్యోగాల మీద తలో ఊరు. పొలం ఆమె చూసింది. జీడిమామిడి మొక్కలు వేసింది. అమ్మను కడదాకా సాకింది. మేము పండగలకు వెళ్ళి కందిపప్పు, జీడిపప్పు మూటలు కట్టించుకుని వచ్చేవాళ్ళం.

తర్వాత ప్రాజెక్టు కుడికాలవ పనులు వచ్చాయి. మా మూడెకరాల్లో కొంత భూసేకరణలో పోయింది. నోటీసులు ముగ్గురు పట్టాదారుల పేర ముగ్గురికీ వచ్చాయి. చెల్లెలికి రాలేదు. రావడానికి ఆమె ఎవరు? అడంగలులో పట్టాదారు గడి పక్కన అనుభవదారు అని ఇంకొక గడి ఉంటుంది. నా సర్వీసులో ఆ గడి ఎన్ని వేలసార్లు నింపానో లెక్కలేదు. మా సొంత పొలానికి ఆ గడిలో కూడా మా ముగ్గురి పేర్లే ఉన్నాయి. డబ్బు చేతికి వచ్చిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మీరొక్కసారి మన పింఛను పుస్తకం తీసి చూడండి. మొదటి పేజీలోనే భార్యాభర్తల జంట ఫోటో ఉంటుంది. మన తదనంతరం కుటుంబ పింఛను ఎవరికన్నది అందులోనే రాసి ఉంటుంది. ఆఫీసులో ఒక్కరోజు కూడా పనిచేయని ఇల్లాలికి సర్కారు ఆ మాత్రం మర్యాద ఇచ్చింది. పొలంలో జన్మంతా పనిచేసిన మామ్మకూ, అమ్మకూ, చెల్లెలికీ మేము ఇవ్వలేదు.

చట్టం మారుతూ వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది గాని, అప్పటికే పెళ్ళయినవారికి వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా పెళ్ళితో నిమిత్తం లేకుండా వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కాని కూతురు తానుగా సంతకం పెట్టి వదులుకున్నదాన్ని ఏ చట్టం తిరిగి తెచ్చిపెడుతుంది? అందుకని నా వంతు పరిహారం చెల్లెలి చేతిలో పెట్టి, మిగిలిన నా వాటా నేలను ఆమె పేర సెటిల్‌మెంటు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాను. తమ్ముళ్ళ సంగతి నేను ఇక్కడ రాయను. అది వారి ఇష్టం.

పాసుపుస్తకం వచ్చిన రోజు చెల్లెలు దాన్ని తిప్పి తిప్పి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, 1938 నాటి దస్తావేజు పెట్టెలోంచి తీసి, రెండూ కలిపి ఒకే గుడ్డలో చుట్టి పెట్టింది.

ఈ వ్యాసంలో మామ్మ పేరు, చెల్లెలి పేరు రాద్దామనుకున్నాను. చెల్లెలు ఒప్పుకోలేదు. "పుస్తకాల్లో ఎందుకన్నయ్యా, రాయాల్సిన చోట రాశావుగా" అన్నది.

మిత్రులారా, మనలో చాలామందికి ఊళ్ళో ఎంతో కొంత నేల ఉన్నది. మనకు కాలు కదిలే ఓపిక ఉండగానే ఒకసారి వెళ్ళి ఆ కాగితాలు తీయించి చూడండి. అందులో ఎవరి పేరు ఉన్నదో, ఉండవలసినవారి పేరు ఎవరిది లేదో, మీకే తెలుస్తుంది.

సెలవు.