అర ఎకరం దిబ్బ కోసం నలభై ఏళ్ళు

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు కచ్చతీవు గురించి మెసేజి పెట్టినాడు. దాని కింద మనవాళ్ళు రాత్రి పన్నెండు దాకా వాదించుకున్నారు. అది చదువుతుంటే మాకు అంతకన్నా చాలా చిన్న ఇంకొక దీవి గుర్తుకొచ్చింది. కచ్చతీవు ఇంకా సముద్రం మీద ఉంది. మేము చెప్పబోయే దీవి ఇప్పుడు లేదు. మేము తమిళ మీడియంలో చదివినవాళ్ళం, తెలుగు రాత పెద్దయినాక కూడబలుక్కొని నేర్చుకున్నది. తప్పులుంటే సర్దుకొని చదవండి.

1970 నవంబరు 12 రాత్రి పెద్ద తుఫాను అప్పటి తూర్పు పాకిస్తాన్ మీద పడింది. చనిపోయినవాళ్ళు మూడు లక్షలని కొందరు, ఐదు లక్షలని కొందరు లెక్క చెప్తారు. ఆ తర్వాత హరియాభంగా నది సముద్రంలో కలిసే చోట ఒక ఇసుక దిబ్బ కనిపించింది. 1974లో అమెరికా ఉపగ్రహం తీసిన ఫోటోలో దాని వైశాల్యం సుమారు 2,500 చదరపు మీటర్లు, అంటే అర ఎకరం కన్నా కొంచెం ఎక్కువ. తర్వాత పెరిగినా పోటు లేనప్పుడు రెండున్నర ఎకరాల లెక్కే. ఎత్తు ఎప్పుడూ రెండు మీటర్లు దాటలేదు. అక్కడ మనిషి కాపురం లేదు. మన దేశం దానికి న్యూ మూర్ అని, పూర్బాశ అని పేర్లు పెట్టింది. బంగ్లాదేశ్ దక్షిణ తల్పట్టి అన్నది.

ఇంత చిన్న దిబ్బకు ఇంత పోటీ ఎందుకని మీరు అడగవచ్చు. రైల్వేలో పనిచేసినవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. స్టేషన్ చివర పాయింటు దగ్గర పట్టా నాలుగంగుళాలు జరిగితే చాలు, బండి వేరే ఊరికి పోతుంది. సముద్రంలో సరిహద్దు గీత కూడా ఒడ్డున ఒక బిందువు దగ్గర మొదలవుతుంది. అక్కడ కొంచెం జరిగితే వందల మైళ్ళ దూరాన వేల చదరపు కిలోమీటర్లు చేతులు మారతాయి. ఆ నీళ్ళలో చేపలు, కింద చమురు, గ్యాస్ ఉంటాయని ఆశ. 1982 నాటి సముద్ర చట్టం ఒడ్డు నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా దేశానికి హక్కు ఇచ్చినాక ఆ ఆశ ఇంకా పెరిగింది.

రెండు దేశాలూ కలిసి వెళ్ళి సర్వే చేద్దామని మాటలు జరిగినాయి. 1981 మేలో మన సర్వే ఓడ అక్కడికి పోయింది, వాళ్ళు తుపాకి పడవలు పంపినారు. కలిసి చేసే సర్వే జరగనే లేదు. మాకు బాధ కలిగించేది ఇక్కడే. గంగా బ్రహ్మపుత్రల డెల్టా ఒక్కటే, సుందర్‌బన్ అడవి ఒక్కటే. సుమారు 10,000 చదరపు కిలోమీటర్లలో 6,000 వాళ్ళ వైపు, మిగతాది మన వైపు. నీళ్ళు ఎంత ఎక్కుతున్నాయి, నేల ఎంత కుంగుతోంది, ఒండ్రు ఎంత వస్తోంది అని ఆ నది మూతి దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడి కొలవవలసిన కాలంలో, అక్కడ ఎవరి జెండా నిలబెట్టాలనే మాటే నడిచింది.

2009 అక్టోబరులో బంగ్లాదేశ్ కేసు వేసింది. అదే డిసెంబరులో కోపెన్‌హేగన్‌లో వాతావరణ మార్పు మీద ప్రపంచ సభ. అక్కడ రెండు దేశాలూ సముద్రం పొంగే ప్రమాదం గురించి మాట్లాడినాయి. 2010 మార్చిలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం ఆచార్యులు సుగత హజ్రా ఆ దీవి నీళ్ళలో మునిగిపోయిందని చెప్పినారు. వేడి వల్ల సముద్రం పెరిగి మునిగిందన్నారు. డెల్టాలో ఇసుక తనంతట తానే కదులుతుంది, మన ధనుష్కోటిని 1964లో ఒక్క తుఫానే మింగింది కదా అనే మాటా ఉంది. మాకు రెండింటిలోనూ నిజం ఉందనిపిస్తుంది. కానీ దగ్గరలోని ఘోరామారా దీవి సుమారు సగం కరిగిపోయి, జనం సాగర్ దీవికి మారినారు. వాళ్ళ గురించి ఏ దేశమూ తుపాకి పడవ పంపలేదు.

2014 జులై 7న హేగ్‌లో తీర్పు వచ్చింది. వాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు పోయినాయి. ఆ దిబ్బను బిందువుగా తీసుకోమని మన వైపు అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. ఆ దిబ్బ ఉండిన చోటు మాత్రం మన వైపే పడింది! మన దేశం తరఫున ఆ పీఠం మీద కూర్చున్నవారు పెమ్మరాజు శ్రీనివాసరావుగారు, తెలుగువారే. ఆయన కొన్నిటికి ఒప్పుకొని, కొన్నిటికి వేరే అభిప్రాయం రాసినారు. రేపు ఒడ్డు కోసుకుపోతుంది కదా అన్న వాదానికి పీఠం జవాబు ఏమంటే, ఈ రోజున్న భూగోళమే లెక్క, వాతావరణ మార్పు పేరుతో స్థిరపడిన సరిహద్దులను కదిలించరాదు. చట్టం కోసం అది సరే అనుకుందాం. ఊళ్ళు కదిలిపోయేవాళ్ళకు దానిలో ఏమీ లేదు. ఇంకొక విచిత్రం, ఒక చోట అడుగు నేల వాళ్ళది, పైన నీళ్ళు మనవి అయినాయి. ఆ ఒక్క చోటైనా కలిసి మాట్లాడుకోక తప్పదు.

అదే 1970 తుఫాను ఇంకొక బిడ్డను కూడా కన్నది. 1972లో బంగాళాఖాతం దేశాలు తుఫానుల మీద ఒక కమిటీగా ఏర్పడినాయి. దిబ్బ గొడవ ముదిరిన ఏళ్ళలో కూడా ఢిల్లీ నుంచి వాళ్ళకు హెచ్చరికలు పోతూనే ఉన్నాయి. మేము స్టేషన్‌లో ఉండగా కంట్రోల్ నుంచి వెదర్ వార్నింగ్ వస్తే మొదట రిజిస్టర్లో ఎక్కించి, ఆ తర్వాతే టీ తాగేవాళ్ళం. 2019లో ఒడిశా మీద పడిన ఫణికి పేరు పెట్టింది బంగ్లాదేశ్. అప్పుడు పది లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించినారు. బరంపురం, పూరీ వైపు సభ్యులు ఇది చూసినవాళ్ళే. హెచ్చరికను పంచుకుంటే ఎవరి చమురూ తగ్గదు, అందుకే అది సాగింది అని మా లెక్క.

చేపల విషయంలో మాత్రం చాలా ఆలస్యమైంది. మన తూర్పు ఒడ్డున ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. వాళ్ళకు మే 20 నుంచి 65 రోజులు. వాళ్ళ పడవలు కట్టేసిన రోజుల్లో మనవాళ్ళు పోయి పడుతున్నారని అక్కడి జాలర్ల మొర. చేపకు గీత తెలియదు. 2025లో బంగ్లాదేశ్ తన నిషేధాన్ని ఏప్రిల్ 15 నుంచి 58 రోజులుగా మార్చుకుంది. ఒక తేదీ కలవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

వాళ్ళ ఇలీష్, మన పులస ఒకటే చేప. యానాం సభ్యులకు మా విన్నపం: గోదావరికి పులస ఎదురెక్కడం ఇరవై ఏళ్ళ కిందట ఏ నెలలో మొదలయ్యేది, ఇప్పుడు ఏ నెలలో వస్తోంది, మీ ఇంటి పెద్దలను, రేవులో చేపలమ్మే అమ్మలను అడిగి కింద రాయండి.